కొత్త ఫ్రిజ్ లెవెల్: స్విచ్ వేసేలోపు చేసుకోవాల్సిన పని

కొత్త ఫ్రిజ్ ఇంట్లోకి రాగానే అందరి నోటా ఒకటే ప్రశ్న: ఎన్ని గంటలాగి స్విచ్ వేయాలి? రెండు గంటలు చాలని ఒకరంటారు, నాలుగని ఇంకొకరు, రోజంతా ఆగాల్సిందేనని మరొకరు. ఈ చర్చ ఒక కొలిక్కి వచ్చేలోపు తెచ్చినవాళ్లు ఫ్రిజ్‌ను గోడ పక్కకు నెట్టి, అట్టపెట్టె మడత పెట్టుకుని వెళ్లిపోతారు. అది నేల మీద కుదురుగా నిలబడిందా, నాలుగు కాళ్లూ ఆనాయా, చుట్టూ గాలి ఆడుతోందా అన్నది పట్టించుకునేవాళ్లు తక్కువ. మొదటి వారాల్లో వినిపించే ఫిర్యాదులు గమనించండి: గుర్రుమనే చప్పుడు, దానంతటది మూసుకోని తలుపు, ఫ్రీజర్‌లో తలుపు పక్కన పేరుకునే మంచు, ఒకటి పైకి ఒకటి కిందికి కనిపించే జంట తలుపులు. యంత్రమే బాగాలేదేమో అనిపిస్తుంది. కానీ వీటిలో చాలావాటికి మందు ముందు కాళ్ల మరల్లోనే ఉంటుంది. ఆగడం గురించి జనం పడే టెన్షన్‌లో పావు వంతు లెవెల్ గురించి పడినా సరిపోయేది.

ముందు ఆ ఆగే సంగతి తేల్చేద్దాం. ఫ్రిజ్ వెనక అడుగున కనిపించే నల్లటి ఉక్కు డబ్బా కంప్రెసర్. దాని లోపల మోటారు, పిస్టన్ చిన్న స్ప్రింగుల మీద కూర్చుని ఉంటాయి. అడుగున కొంచెం నూనె ఉంటుంది. ఫ్రిజ్ నిటారుగా ఉన్నంతసేపు నూనె తన చోటే ఉంటుంది. పడుకోబెడితే పైపుల్లోకి జారుతుంది. అలా జారిన నూనె వెనక్కి రాకముందే స్విచ్ వేస్తే, కంప్రెసర్‌లో తిరిగే భాగాలకు నూనె చాలక రాపిడి పెరుగుతుంది. అంతకంటే పెద్ద ప్రమాదం ఇంకొకటి ఉంది. పిస్టన్ గ్యాస్‌ను నొక్కడానికి చేసినది. గ్యాస్ నొక్కితే కుదించుకుపోతుంది, ద్రవం కుదించుకోదు. పిస్టన్ ముందుకు నూనె వచ్చి పడితే పల్చటి వాల్వు రేకులు దెబ్బతింటాయి. గ్యాస్ ఒత్తిడిని తగ్గించే కేపిలరీ గొట్టం లోపలి బెజ్జం చాలా ఫ్రిజ్‌లలో ఒక మిల్లీమీటరు కంటే సన్నం. నూనె అందులో ఇరుక్కుంటే యంత్రం నడుస్తున్నా కూలింగ్ ఉండదు.

కాబట్టి ఎన్ని గంటలన్నది ఫ్రిజ్ ఎలా వచ్చిందన్న దాన్ని బట్టి ఉంటుంది. నిటారుగా వస్తే మాన్యువల్‌లో రాసిన కొద్ది గంటలు చాలు. పడుకోబెట్టి తెస్తే ఎంతసేపు పడుకుందో కనీసం అంతసేపు నిలబెట్టి ఉంచాలి. దూర ప్రయాణమైతే 24 గంటలు. ఎలా వచ్చిందో తెలియనప్పుడు ఎక్కువ వైపే మొగ్గడం మేలు. ఆగడం వల్ల పోయేదేమీ లేదు. పైగా లెవెల్ చూసుకోవడానికి ఇంతకంటే మంచి సమయం దొరకదు. ఫ్రిజ్ ఖాళీగా, తేలిగ్గా ఉంటుంది, ప్లగ్ పెట్టి ఉండదు, లోపల పాడైపోయేవి ఏమీ ఉండవు.

చోటు, గాలి

కాళ్ల దగ్గరికి వెళ్లేముందు చోటు ఖాయం కావాలి. లెవెల్ చేశాక ఫ్రిజ్‌ను అర అడుగు జరిపినా పని మళ్లీ మొదటికొస్తుంది.

ఫ్రిజ్ చేసే పనల్లా లోపలి వేడిని తోడి బయట పారబోయడం. కంప్రెసర్ వాడుకున్న కరెంటు కూడా చివరికి వేడిగానే మారి ఆ గదిలోకే వస్తుంది. ఈ వేడి బయటపడే దారి మోడల్‌ను బట్టి మారుతుంది. పాత ఫ్రిజ్‌లలో వెనక నల్లటి జాలీ కనిపించేది. ఇప్పటివాటిలో చాలావరకు ఆ పైపులు పక్క రేకుల లోపలే అతికించి ఉంటాయి. వెనక చదునుగా ఉంది కదా అని గోడకు ఆనించేసి, రెండు పక్కలా అలమరలతో బిగించేస్తే వేడి పోయే దారే మూసినట్టు. పెద్ద ఫ్రాస్ట్‌ఫ్రీ మోడళ్లలో కొన్నిటికి కండెన్సర్, అంటే వేడిని బయటికి వదిలే ఆ పైపులు, అడుగున ఉండి, ఒక ఫ్యాన్ గాలిని లాగి వదులుతుంది. వాటికి కింద ముందు పట్టీ దగ్గరి సందులు మూసుకుపోకూడదు. పక్కల, వెనక, పైన ఎంతెంత వదలాలో మాన్యువల్‌లో బొమ్మతో సహా ఉంటుంది. అది పోయిన పక్షంలో పక్కలా వెనకా 5 సెంటీమీటర్లకు తగ్గకుండా, పైన ఇంకాస్త ఎక్కువగా వదలడం సురక్షితమైన లెక్క. గోడలోకి బిగించడానికే చేసిన మోడళ్ల సంగతి వేరు, వాటికి గాలిదారి వేరేగా ఉంటుంది.

మొదటి రోజు పక్క రేకు మీద చెయ్యి పెట్టి "కాలిపోతోంది" అని కంగారు పడేవాళ్లు చాలామంది. ఫ్రిజ్ లోపలంతా గది వేడిలోనే ఉంది కాబట్టి మొదటి విడత తోడాల్సిన వేడి ఎక్కువ. పక్కలు గట్టిగానే వేడెక్కుతాయి. తలుపు ఆనే అంచు కూడా గోరువెచ్చగా ఉంటుంది. అక్కడ తేమ పట్టకుండా చాలా కంపెనీలు ఒక వేడి పైపును అంచు చుట్టూ తిప్పుతాయి. ఒకటి రెండు రోజులు పోయినా అదే స్థాయిలో కాలుతుంటే మాత్రం గాలి ఆడటం లేదని అర్థం.

ఎండ పడే కిటికీ, పొయ్యి, ఓవెన్ పక్కన వద్దని అందరికీ తెలుసు. మరీ చల్లటి చోటు కూడా పనికిరాదన్నది మాత్రం చాలామందికి తట్టదు. ప్రతి ఫ్రిజ్‌కూ ఒక క్లైమేట్ క్లాస్ ఉంటుంది, లోపలి పలక మీద రాసి ఉంటుంది. ఎస్ఎన్ అంటే గది వేడి 10 నుంచి 32 డిగ్రీలు, ఎన్ అంటే 16 నుంచి 32, ఎస్‌టీ అంటే 16 నుంచి 38, టీ అంటే 16 నుంచి 43 డిగ్రీల సెల్సియస్. ఒకే థర్మోస్టాట్ ఉన్న మోడళ్లలో అది కింది అరను చూసుకుంటూ కంప్రెసర్‌ను నడిపిస్తుంది. గదే చల్లగా ఉంటే కింది అర వేడెక్కదు, కంప్రెసర్ నడవదు, పైన ఫ్రీజర్‌లో ఉన్నవి మెత్తబడతాయి. చలికాలంలో బాల్కనీలోనో గ్యారేజీలోనో పెట్టిన ఫ్రిజ్ "ఫ్రీజర్ మాత్రమే పని చేయడం లేదు" అనిపించుకోవడం వెనక ఉన్న కథ ఇదే.

అదే పలక మీద గ్యాస్ పేరు, బరువు కూడా ఉంటాయి. ఇప్పుడు ఇళ్లకొచ్చే వాటిలో ఎక్కువగా ఉండేది ఆర్-600ఏ, అంటే ఐసోబ్యూటేన్. ఓజోన్‌కు హాని చేయదు, కానీ మండే స్వభావం ఉన్నది. అందుకే గది మరీ ఇరుకుగా ఉండకూడదని, ప్రతి 8 గ్రాముల గ్యాస్‌కు కనీసం ఒక ఘనమీటరు గది ఉండాలని చాలా మాన్యువళ్లు చెబుతాయి. 56 గ్రాములుంటే 7 ఘనమీటర్లు. మామూలు వంటగదికి ఇది పెద్ద లెక్క కాదు, స్టోరు రూములాంటి చిన్న గదిలో పెట్టాలనుకుంటేనే ఆలోచించాలి.

చోటు విషయంలో ఇంకొక్కటి, ఇది చాలామంది ఫ్రిజ్ వచ్చాకే తెలుసుకుంటారు. తలుపు కీలు ఉన్న వైపు గోడ ఆనుకుని ఉంటే తలుపు 90 డిగ్రీలు దాటి తెరుచుకోదు. చాలా మోడళ్లలో కూరగాయల డబ్బా, అద్దం అరలు బయటికి రావాలంటే అంతకంటే ఎక్కువే తెరుచుకోవాలి. రోజూ వాడేటప్పుడు ఇబ్బంది తెలియదు, కడగడానికి డబ్బా తీయబోయిన రోజు తెలుస్తుంది. తలుపును రెండో వైపుకు మార్చుకునే వీలున్న మోడలైతే ఆ పని ముందే అయిపోవాలి, లెవెల్ తర్వాత.

లెవెల్ అంటే అటూ ఇటూ సమానం, వెనక్కి కొంచెం వాలు

"లెవెల్" అనగానే నాలుగు వైపులా సరిసమానంగా ఉండాలనుకుంటారు. ఫ్రిజ్ విషయంలో అది సగమే నిజం. ఎడమ కుడి మధ్య తేడా ఉండకూడదు. ముందు వెనకల మధ్య మాత్రం ముందు భాగం కాస్త ఎత్తుగా ఉండటమే కావాలి. ఎంతన్నది కంపెనీని బట్టి మారుతుంది, మామూలుగా అర సెంటీమీటరు నుంచి ఒక సెంటీమీటరు మధ్య. కొలత కంటే మంచి గుర్తు తలుపే: సగం తెరిచి వదిలేస్తే నెమ్మదిగా వెళ్లి దానంతటది మూసుకోవాలి.

ఇది ఎందుకు పనిచేస్తుందో చూస్తే, తలుపు మొండికేసినప్పుడు ఏ కాలు తిప్పాలో కూడా తెలిసిపోతుంది. తలుపు ఒక నిలువు ఇరుసు మీద తిరుగుతుంది. ఇరుసు అచ్చంగా నిటారుగా ఉంటే తలుపు ఎక్కడ వదిలితే అక్కడే ఆగుతుంది. ఇరుసు ఎటు వాలితే తలుపు బరువు అటు లాగుతుంది. ఫ్రిజ్ వెనక్కి వాలితే తలుపు వెనక్కి, అంటే మూసుకునే వైపుకు వెళ్తుంది. మరి పక్కకు వాలితే? కీలు కుడి వైపున ఉందనుకుందాం. మూసినప్పుడు తలుపు కొస ఎడమ వైపుకు చూస్తుంటుంది. ఫ్రిజ్ ఎడమకు వాలితే తలుపు మూసుకోవడానికి సాయం అవుతుంది. కుడికి, అంటే కీలు ఉన్న వైపుకు వాలితే తలుపు తెరుచుకునే వైపుకు లాగుతుంది. ముందు ఎంత ఎత్తినా మూసుకోని తలుపులో తరచూ కనిపించే కిటుకు ఇదే: తప్పు ముందు వెనకల్లో ఉండదు, కీలు వైపు కాలు పల్లంలో ఉంటుంది. రెండు తలుపులు పక్కపక్కన ఉన్న ఫ్రిజ్ పక్కకు వాలితే ఒక తలుపుకు సాయం, రెండోదానికి ఎదురు. ఒక తలుపు టపీమని పడుతూ ఇంకోటి తేలుతూ ఉంటే లెవెల్ చూడకుండానే వాలు ఎటుందో చెప్పేయొచ్చు.

తలుపు పూర్తిగా పడకపోతే నష్టం కరెంటు బిల్లుతో ఆగదు. సన్నటి సందులోంచి వచ్చే గాలితో పాటు తేమ వస్తుంది. అది ఫ్రీజర్‌లో మంచుగా గడ్డకడుతుంది, కింది అరలో నీటి బొట్లుగా పడుతుంది. తలుపు పక్కనే ఒక మూల మంచు పేరుకుంటోందంటే తేమ అక్కడినుంచే దూరుతోందని.

పక్క వాలుకు ఇంకో ఫలితం కూడా ఉంది. డీఫ్రాస్ట్ నీరు, అంటే లోపలి మంచు కరిగి వచ్చే నీరు, వెనక గోడ కింద ఉన్న సన్నటి కాలువలోంచి ఒక బెజ్జం ద్వారా బయటికి పోయి, కంప్రెసర్ మీదున్న పళ్లెంలో పడి, ఆ వేడికే ఆవిరైపోతుంది. ఫ్రిజ్ బాగా ఒక పక్కకు వాలి ఉంటే ఆ నీరు బెజ్జం దాకా పోకుండా కాలువ ఒక కొసలో నిలిచి కిందికి కారే వీలుంది. వెనక్కి వాలు మంచిదే కదా అని మరీ ఎత్తేయడమూ పొరపాటే. తలుపు విసురుగా పడుతుంది, తలుపు అరల్లోని సీసాలు ప్రతిసారీ గలగలమంటాయి, ఐస్ తయారయ్యే ట్రేలో నీరు వెనక్కి చేరుతుంది.

ఇక్కడ ఒక అపోహ కూడా తీర్చాలి. లెవెల్ లేకపోతే గ్యాస్ సరిగా తిరగదని, కూలింగే పోతుందని కొందరంటారు. కంప్రెసర్ ఉన్న ఫ్రిజ్‌లో గ్యాస్‌ను తిప్పేది ఒత్తిడి. కొద్ది మిల్లీమీటర్ల వాలు దానికి ఒక లెక్కే కాదు. ఆ మాట అక్షరాలా వర్తించేది వేరే రకానికి. 1922లో స్వీడన్‌లో బాల్ట్‌జార్ వాన్ ప్లాటెన్, కార్ల్ ముంటర్స్ అనే ఇద్దరు విద్యార్థులు కంప్రెసర్ లేకుండా, వేడితోనే నడిచే ఫ్రిజ్‌ను తయారు చేశారు. అమ్మోనియా, నీరు, హైడ్రోజన్‌తో పనిచేసే ఆ పద్ధతిలో ద్రవం తన బరువుకు తానే కిందికి పారాలి. అందుకే ప్రయాణ బళ్లలో, హోటల్ గదుల్లో ఉండే ఆ రకం చిన్న ఫ్రిజ్‌లు బాగా వాలితే చల్లబడటమే మానేస్తాయి. ఇంట్లో మామూలు ఫ్రిజ్‌కు ఆ బాధ లేదు. దానికి లెవెల్ కావాల్సింది తలుపు కోసం, చప్పుడు లేకుండా ఉండటం కోసం, నీరు సరిగా పోవడం కోసం.

మర తిప్పడం

చాలా ఫ్రిజ్‌లకు వెనక రెండు చిన్న చక్రాలుంటాయి, వాటి ఎత్తు మారదు. ముందు రెండు కాళ్లు మర మీద పైకీ కిందికీ కదులుతాయి. ఇవి కింది ప్లాస్టిక్ పట్టీ వెనక దాగి ఉండొచ్చు, పట్టీని లాగితే ఊడి వస్తుంది. పెద్ద మోడళ్లకు ముందు కూడా చక్రాలుండి, పక్కనే స్పానర్‌తో తిప్పే మర ఉంటుంది. జరిపేటప్పుడు బరువు చక్రాల మీద ఉన్నా, చోటుకు చేరాక ముందు కాళ్లు దించి నేలకు గట్టిగా ఆనించాలి. లేకపోతే తలుపు లాగినప్పుడల్లా ఫ్రిజ్ మొత్తం ముందుకు జరుగుతుంది. చక్రాలు ముందుకూ వెనక్కే తిరుగుతాయన్నది కూడా గుర్తుండాలి. పక్కకు నెడితే నేలా గీసుకుపోతుంది, కాళ్లూ వంగుతాయి.

లెవెల్ కంటే ముందు ఊగడం పోవాలి. నాలుగు కాళ్ల కుర్చీ గచ్చు మీద టకటకమన్నట్టే, ఫ్రిజ్ కూడా మూడు కాళ్ల మీద నిలబడి నాలుగోది గాల్లో ఉంచగలదు. బరువు ఎక్కువ కాబట్టి చూపుకు తెలియదు. పై మూలను పట్టుకుని ఎదుటి మూల వైపుకు మెల్లగా నొక్కితే ఆ ఊపు చేతికి తెలుస్తుంది. ముందు కాళ్లలో ఏది తేలిందో తెలియకపోతే ఒక కాగితం ముక్క కాలి కిందికి దూర్చి చూడండి. దూరిన చోట కాలు ఆనలేదు. ఆ కాలును కాగితం బిగిసేదాకా దించాలి.

ఇక తిప్పే దిశ. అందరూ తికమక పడేది ఇక్కడే, ఎందుకంటే కాలును చూసేది కింది నుంచో, పక్క నుంచో. మామూలు కుడి మర అయితే లెక్క ఇది: పైనుంచి చూస్తున్నట్టు ఊహించుకుని గడియారం ముల్లు తిరిగే దిశలో కాలును తిప్పితే ఆ మూల లేస్తుంది. ఫ్రిజ్ ముందు కూర్చున్న మనిషికి, తన వైపున్న కాలి అంచును ఎడమకు తోస్తే ఫ్రిజ్ లేస్తుంది, కుడికి తోస్తే దిగుతుంది. ముందు చక్రాలకు అడ్డ మర ఉన్న మోడళ్లలో ఈ లెక్క మారొచ్చు. అప్పుడు పావు చుట్టు తిప్పి ఏం జరుగుతోందో చూడటమే దారి. ఇంకొకరు ఫ్రిజ్ పై భాగాన్ని వెనక్కి కాస్త నెట్టి పట్టుకుంటే ముందు కాళ్ల మీద బరువు తగ్గి, మర చేత్తోనే తిరుగుతుంది. బరువు మోస్తున్న మరను స్పానర్‌తో బలవంతంగా తిప్పితే ప్లాస్టిక్ కాలు అరిగిపోతుంది. ఒకరు పట్టుకున్నారు కదా అని అడుగుకు వేళ్లు పెట్టకూడదు.

ఒక పూర్తి చుట్టుకు కాలు కదిలేది ఒకటి రెండు మిల్లీమీటర్లే. తక్కువేగా అనిపిస్తుంది. 60 సెంటీమీటర్ల వెడల్పు, 170 సెంటీమీటర్ల ఎత్తున్న ఫ్రిజ్‌కు కాళ్ల మధ్య 3 మిల్లీమీటర్ల తేడా ఉంటే పైన వాలు ఎనిమిదిన్నర మిల్లీమీటర్లవుతుంది. పక్కనున్న అలమరకూ ఫ్రిజ్‌కూ మధ్య సందు పైన ఒకలా కింద ఒకలా కనిపించేది ఇందుకే. కాబట్టి పావు చుట్టు, అర చుట్టు చొప్పున తిప్పుతూ ప్రతిసారీ చూసుకోవాలి.

చూసుకోవడానికి తాపీ పనివాళ్లు వాడే రసమట్టం, అంటే స్పిరిట్ లెవెల్, చిన్నదైనా చాలు. దాన్ని ఫ్రిజ్ పై రేకు మీద, కీలు మూతలు తగలని చోట పెట్టాలి. లోపలి అద్దం అర మీద పెట్టి చూసేవాళ్లున్నారు. అరలు గాడిలో వదులుగా కూర్చుంటాయి, అవి చెప్పే మాట నమ్మడానికి లేదు. రసమట్టమే సరైనదా అన్న అనుమానం వస్తే, ఒకసారి చూసి అదే చోట అటుదిటు తిప్పి పెట్టండి. బుడగ రెండుసార్లూ ఒకే పక్కకు నిలిస్తే వాలు ఫ్రిజ్‌ది. పరికరాన్ని తిప్పగానే బుడగ రెండో పక్కకు వెళ్తే తేడా పరికరానిది. ఫోన్ యాప్ వాడేటప్పుడు ఈ పరీక్ష తప్పనిసరి, ఎందుకంటే వెనక పొడుచుకొచ్చిన కెమెరా ఫోన్‌ను ఏటవాలుగా ఎత్తి పెడుతుంది.

నేల సంగతి కూడా చెప్పుకోవాలి. నీరు పోయేలా వాలు ఇచ్చిన గచ్చు మీద వెనక చక్రం ఒకటి పల్లంలో పడితే ముందు మరలు ఎంత తిప్పినా ఊపు పోవచ్చు గానీ లెవెల్ రాదు. అప్పుడు ఆ చక్రం కింద గట్టి ముక్క పెట్టాల్సిందే: రేకు, గట్టి ప్లాస్టిక్ బిళ్ల, పల్చటి ప్లైవుడ్. చేతికందిన అట్టముక్క మడిచి పెట్టడం అందరూ చేసే పని, కొద్ది వారాలకే అది నలిగిపోయి మళ్లీ మొదటికొస్తుంది, తడి తగిలితే ఇంకా త్వరగా. మందంగా, మెత్తగా ఉండే రబ్బరు మ్యాట్‌లదీ ఇదే తంతు. చక్రాల స్టాండ్ మీద ఫ్రిజ్ పెట్టేవాళ్లు గమనించాల్సింది ఏమిటంటే, అక్కడ ఊగడానికి రెండు చోట్లున్నాయి: స్టాండ్‌కూ నేలకూ మధ్య ఒకటి, ఫ్రిజ్‌కూ స్టాండ్‌కూ మధ్య ఒకటి. ముందు ఖాళీ స్టాండ్ లెవెల్ చూసి, తర్వాతే ఫ్రిజ్ ఎక్కించాలి. స్టాండ్ తప్పనిసరి కాకపోతే మానేయడమే నయం.

పక్కపక్క తలుపుల ఫ్రిజ్‌లో ఎత్తు తేడా కనిపిస్తే ముందు చూడాల్సింది తలుపు కీలు కాదు, కాళ్లే. నేల ఎగుడుదిగుడైతే ఫ్రిజ్ పెట్టె మొత్తం సన్నగా మెలిబడి తలుపులు తేడాగా కనిపిస్తాయి. పల్లంగా ఉన్న తలుపు వైపు ముందు మూలను కాస్త లేపితే ఆ తలుపు లేస్తుంది. పెట్టె కుదురుకున్నాక కూడా తేడా మిగిలితేనే కింది కీలు దగ్గరి నట్టు జోలికి పోవాలి. ముందే కీలు సర్దితే, తర్వాత లెవెల్ చేసినప్పుడు అదీ తప్పవుతుంది.

తలుపు రబ్బరు

లెవెల్ అయ్యాక తలుపు రబ్బరు చూడాలి. లోపల అయస్కాంతపు పట్టీ ఉండే ఈ గాస్కెట్ చుట్టూ ఒకేలా అంటుకోవాలి. ఒక కాగితాన్ని సగం లోపల సగం బయట ఉండేలా పెట్టి తలుపు మూసి లాగితే కాస్త బిగువు తెలియాలి. నాలుగు వైపులా, ముఖ్యంగా మూలల్లో చూడాలి. కొత్త ఫ్రిజ్‌లో ఒకచోట కాగితం జారిపోతే అది ఎక్కువగా ప్యాకింగ్‌లో నలిగిన మడత. వేడి నీటిలో పిండిన గుడ్డతో అద్ది, లేదా హెయిర్ డ్రయ్యర్‌ను తక్కువ వేడిలో దూరంగా పట్టి, మెత్తబడ్డాక వేలితో సరిచేసి తలుపు మూసి ఉంచితే చాలాసార్లు రూపానికి వస్తుంది.

తలుపు మూసిన మరుక్షణం మళ్లీ తీయబోతే బిగుసుకుపోయినట్టు ఉంటే భయపడక్కర్లేదు. లోపలికి వెళ్లిన వెచ్చటి గాలి చల్లబడి కుంచించుకుపోతుంది, బయటి గాలి తలుపును నొక్కి పట్టుకుంటుంది. కాసేపటికి సర్దుకుంటుంది. రబ్బరు బాగా పట్టిందనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

స్విచ్ వేసే ముందు, వేశాక

లోపలి టేపులు, థర్మాకోల్ ముక్కలు, అరల మీది పల్చటి ప్లాస్టిక్ పొరలు అన్నీ తీసేయాలి. కొన్ని మోడళ్లకు రవాణా కోసం అదనంగా బిగించిన బోల్టులు గానీ పట్టీలు గానీ ఉంటాయి, మాన్యువల్‌లో ఆ ముక్క ఉందేమో చూడాలి. గోరువెచ్చటి నీటిలో కాస్త వంటసోడా కలిపి తుడిస్తే కొత్త ప్లాస్టిక్ వాసన తగ్గుతుంది.

ప్లగ్ నేరుగా గోడ సాకెట్‌లోకి వెళ్లాలి, దానికి ఎర్తింగ్ ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సు వద్దు. మామూలు కంప్రెసర్ మొదలయ్యే క్షణంలో నడిచేటప్పటి కంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది, వదులుగా ఉన్న జాయింట్లు వేడెక్కేది అప్పుడే. ఇన్వర్టర్ కంప్రెసర్ నెమ్మదిగా వేగం పుంజుకుంటుంది గనక ఆ దెబ్బ తక్కువ. అయినా సాకెట్ విషయంలో తేడా చూపక్కర్లేదు. లెవెల్ చేసే హడావిడిలో వైరు కాలి కింద నలిగిందేమో కూడా చూసుకోవాలి.

ఒకసారి ఆపితే వెంటనే వేయకూడదు, కనీసం 5 నిమిషాలు ఆగాలి. నడుస్తున్న ఫ్రిజ్‌లో కంప్రెసర్‌కు ఒక వైపు ఒత్తిడి ఎక్కువ, రెండో వైపు తక్కువ. ఆపాక ఆ సన్నటి గొట్టంలోంచి రెండూ సమానమయ్యేందుకు కొంత సమయం పడుతుంది. అంతలోనే స్విచ్ వేస్తే మోటారు ఆ ఒత్తిడికి ఎదురు తిరగలేక గింజుకుని ఆగిపోతుంది, రక్షణ స్విచ్ టక్కుమంటుంది. కొత్త ఫ్రిజ్‌ను "పనిచేస్తోందా లేదా" అని ఆపి వేసి, ఆపి వేసి చూడటం దానికి చేసే అపకారమే.

ముందు ఖాళీగా నడపాలి. చల్లబడినట్టు కొన్ని గంటల్లోనే తెలుస్తుంది, పూర్తిగా కుదురుకోవడానికి 24 గంటల దాకా పట్టొచ్చు. కింది అర 4 డిగ్రీలు, ఫ్రీజర్ మైనస్ 18 డిగ్రీలు ఉండాలన్నది లక్ష్యం. తిప్పే నాబ్ ఉన్న మోడళ్లలో దాని మీది అంకెలు డిగ్రీలు కావు, మామూలుగా అంకె పెరిగితే చల్లదనం పెరుగుతుంది. "5 మీద పెట్టాం, 5 డిగ్రీలే కదా" అనుకుంటే లోపల పాలు గడ్డకడతాయి. ఒక గ్లాసు నీటిలో చిన్న థర్మామీటరు వేసి మధ్య అరలో రాత్రంతా ఉంచి చూస్తే నిజమైన లెక్క తెలుస్తుంది. గాలిలో పెట్టిన థర్మామీటరు తలుపు తీసినప్పుడల్లా ఎగిరి పడుతుంది, నీటిలోది కుదురుగా ఉంటుంది.

చప్పుళ్లు

గ్యాస్ పారే గళగళ, ప్లాస్టిక్ చల్లబడి బిగుసుకునేటప్పుడు వచ్చే టక్కు, డీఫ్రాస్ట్ సమయంలో చుయ్‌మనే శబ్దం, ఇవన్నీ మామూలే. ఇన్వర్టర్ మోడళ్లు తక్కువ వేగంతో గంటల తరబడి నడుస్తూనే ఉంటాయి. పాత ఫ్రిజ్ ఆగుతూ నడుస్తూ ఉండటం అలవాటైనవాళ్లకు "ఇది ఆగడమే లేదు" అనిపిస్తుంది. వాటి పని తీరే అంత.

అనుమానించాల్సింది రేకు అదిరినట్టు వచ్చే గుర్రు, సీసాల గలగల. చప్పుడు వస్తున్నప్పుడు ఫ్రిజ్ పక్కను అరచేత్తో నొక్కండి. నొక్కగానే ఆగిపోతే కాలు ఒకటి సరిగా ఆనలేదు. ఆగకపోతే వెనక్కి వెళ్లి చూడాలి: పైపు గోడకు తగులుతోందా, నీటి పళ్లెం వదులైందా, పైన పెట్టిన డబ్బా ఏదైనా అదురుతోందా. మెకానిక్‌ను పిలిచేది ఇవన్నీ చూశాకే.

లెవెల్ రెండోసారి చూడాల్సింది ఫ్రిజ్ నిండిన తర్వాత, ఒక వారం పోయాక. ఖాళీ ఫ్రిజ్ లెవెల్ వేరు, నిండిన ఫ్రిజ్ లెవెల్ వేరు. తలుపు అరల్లో నీళ్ల సీసాలు చేరగానే బరువు ముందుకు వస్తుంది. చెక్క నేలైతే కాస్త కుంగుతుంది, స్టాండ్ ఉంటే అది సర్దుకుంటుంది. మొదటి రోజు చక్కగా పడిన తలుపు ఇప్పుడు చివరి వేలెడు దూరంలో ఆగుతుంటే, ముందు కాళ్లు రెండిటినీ అర చుట్టు చొప్పున సమానంగా తిప్పి ఫ్రిజ్ ముందు భాగాన్ని లేపి, మళ్లీ సగం తెరిచి వదిలి చూడాలి.